పాడటం రాకపోయినా బుధవారం వెళ్ళండి

మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. మీవారి యూనిట్ ఫీల్డ్‌కు, అంటే కుటుంబాన్ని తీసుకెళ్ళలేని సరిహద్దు ప్రాంతానికి, వెళ్ళి మూడు నెలలైంది. మీరు నాలుగేళ్ళ బాబుతో ఉత్తరాదిన ఒక కంటోన్మెంట్‌లో ఎస్‌ఎఫ్‌ఏ క్వార్టర్‌లో, అంటే భర్త దూరంగా ఉన్న కుటుంబాలకు ఇచ్చే ఇంట్లో, ఉంటున్నారు. హిందీ అంతంతమాత్రం. పక్క బ్లాకులో ఆడవాళ్ళు బుధవారం బుధవారం చేరి పాడుకుంటున్నారు, మిమ్మల్నీ రమ్మన్నారు. మీకు పాడటం రాదు. ఈ సంగతి ఫోనులో చెబితే అత్తగారు "వాడక్కడ మంచులో ఉంటే నీకిక్కడ పాటలు కావాల్సి వచ్చాయా" అన్నారు. వెళ్ళమంటారా, మానమంటారా, అసలు దానివల్ల ఏమైనా ఉపయోగం ఉందా అని అడిగారు.

వెళ్ళండి. ఎందుకు వెళ్ళాలో, దాని నుంచి ఎంత ఆశించాలో, ఎంత ఆశించకూడదో చెబుతాను. మావారు ఇరవై ఎనిమిదేళ్ళు సైన్యంలో చేసి సుబేదారుగా రిటైరయ్యారు. ఆ లెక్కన నేను పదకొండు ఇళ్ళు సర్దాను. మూడు స్టేషన్లలో ఇలాంటి పాటల గుంపు నడిపాను, ఒకచోట నా చేతులతోనే చెడగొట్టాను. సంగీతం నేర్చుకోలేదు. నా శృతి గురించి మా పిల్లల్ని అడగకపోవడమే మంచిది.

నాకు ఈ అలవాటు అంటుకున్నది 2002 జనవరిలో. అంతకు ముందు నెల, డిసెంబర్ 13న, పార్లమెంటు మీద దాడి జరిగింది. ఆపరేషన్ పరాక్రమ్ పేరుతో సైన్యమంతా సరిహద్దుకు కదిలింది. మా యూనిట్ కూడా వెళ్ళింది. నాలుగు రోజులు తిరిగేసరికి క్వార్టర్లలో స్కూటర్ చప్పుడు కూడా వినిపించకుండా పోయింది. ఆయనకు రాసే ఉత్తరం మీద 56 ఏపీఓ అని సైనిక తపాలా కార్యాలయం నంబర్ ఉండేది, అంతే. అది రాజస్థాన్ ఇసుకలోకి వెళుతోందో, జమ్మూ కొండల్లోకి వెళుతోందో మనకు తెలియదు. సెల్‌ఫోన్లు లేవు. ఆయనే ఎక్కడో ఎస్‌టీడీ బూత్ దొరికినప్పుడు పక్కింటి ల్యాండ్‌లైన్‌కు చేయాలి. సాయంత్రమైతే మేమందరం మెట్ల మీద చేరేవాళ్ళం. మా మధ్య ఒకటే మాట, "ఏమైనా తెలిసిందా?" ఎవరికీ ఏమీ తెలియదు. తెలియనివాళ్ళు పదిమంది కూర్చుంటే ఏమవుతుంది? పుకారు పుడుతుంది. ఒకామె అన్న ముక్క రెండో అంతస్తుకు చేరేసరికి యుద్ధమైపోయేది. ఒంటరిగా ఉంటే దిగులు, కలిసి కూర్చుంటే భయం.

అలాంటి ఒక సాయంత్రం కాంగ్రా ప్రాంతపు హవల్దారు భార్య ఒకామె విసుగెత్తి ఇంట్లోకి వెళ్ళి ఢోలక్ తెచ్చింది. అక్కడివాళ్ళు పెళ్ళి పాటలు పాడేటప్పుడు ఒకరు ఢోలక్ వాయిస్తుంటే మరొకరు ఎదురుగా కూర్చుని దాని చెక్క మీద స్పూనుతో దరువు వేస్తారు. ఆ స్పూను నా చేతిలో పెట్టింది. పాట నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అరగంట కొట్టాను. ఆ అరగంటలో ఎవరూ వార్తల ఊసే ఎత్తలేదని ఇంటికి వచ్చి అన్నం వడ్డించుకుంటుంటే గాని నాకు తట్టలేదు. ఆ రోజు నుంచి 2002 అక్టోబర్‌లో సైన్యాన్ని వెనక్కు పిలిచే దాకా, పది నెలలు, వారానికి రెండుసార్లు పాడాం.

అందుచేత, పాట మొదట చేసే మేలు చాలా చిన్నది. నోటికి పని చెబుతుంది. మనవాళ్ళ మధ్య మాటలకు ఒక ఇబ్బంది ఉంది. మీవారు ఎక్కడున్నారు, ఎప్పుడు వస్తారు, ఏం చేస్తున్నారు అన్నవి మామూలు ఆడవాళ్ళ కబుర్లలో మొదటి మూడు ప్రశ్నలు. మనం జవాబు చెప్పకూడనివీ అవే. మాట్లాడాలంటే జంకు, మాట్లాడకపోతే ఒంటరితనం. పాడేటప్పుడు ఈ చిక్కు ఉండదు. ఎదుటి మనిషికి మీ గురించి ఏమీ తెలియకుండానే ఆమె పక్కన గంట సేపు ఉండవచ్చు.

రెండోది ఊపిరి. దిగులులో ఉన్న మనిషి పైపైన ఊపిరి తీసుకుంటుంది. పాట చరణం చివరి దాకా లాగాలంటే నిండా తీసుకుని నిదానంగా వదలాలి. అందరూ ఒకేచోట ఆగి ఒకేచోట ఎత్తుకుంటారు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు 2013లో ఇదే విషయాన్ని కొలిచి చూశారు. బృందంగా పాడేవారి ఊపిరి ఒక తీరున నడుస్తూ, దానితో పాటు గుండె వేగం కూడా కలిసి పెరుగుతూ తగ్గుతూ కనిపించింది. నాకు ఇందులో మహత్తేమీ కనిపించదు. నాట్లలో, దంపుళ్ళలో పాడిన మన అమ్మమ్మలకు తెలిసిన సంగతే.

మన బతుకులకు బాగా పనికొచ్చే సంగతి మరొకటి ఉంది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2015లో ప్రచురించారు. పెద్దవాళ్ళ కోసం కొత్తగా మొదలైన తరగతులు తీసుకున్నారు. కొన్ని పాటలవి, కొన్ని చేతిపనులవి, కొన్ని కథలు, కవితలు రాయడం నేర్పేవి. ఏడు నెలలు గడిచేసరికి అన్ని తరగతుల్లోనూ స్నేహాలు ఇంచుమించు సమానంగానే కుదిరాయి. తేడా అంతా మొదటి నెలలో కనిపించింది. పాటల తరగతివాళ్ళు తొలి నెలకే దగ్గరైపోయారు, మిగతావాళ్ళకు నెలలు పట్టింది. ఒకే ఊళ్ళో ముప్పై ఏళ్ళు ఉండేవారికి ఈ తేడా లెక్కలోకి రాదు. రెండు మూడేళ్ళకోసారి సామాను సర్దే మనకు ఇదే ముఖ్యం. స్నేహం కుదరడానికి ఏడాది పడితే, అది పనికొచ్చే కాలం ఇంకో ఏడాదే. ఈలోగా ఆమెకో మనకో పోస్టింగ్ వస్తుంది. కుట్లు నేర్చుకునే తరగతికి వెళ్ళినా స్నేహితులు దొరుకుతారు, కాదనను. పాట దగ్గర త్వరగా దొరుకుతారు. మీవారు వెళ్ళి మూడు నెలలే అయింది. మీకు తోడు ఇప్పుడు కావాలి.

బ్రిటన్‌లో ఇది చాలా దూరం వెళ్ళింది. 2010లో స్కాట్స్ గార్డ్స్ దళం అఫ్గానిస్థాన్‌కు వెళ్ళినప్పుడు, ఉత్తర యార్క్‌షైర్‌లోని క్యాటరిక్ సైనిక స్థావరంలో మిగిలిన భార్యలు ఒక పాటల బృందం పెట్టుకున్నారు. మరుసటి ఏడాది గ్యారెత్ మలోన్ అనే బృందగాన శిక్షకుడు డెవన్‌లోని చివనార్ స్థావరంలో అలాంటి బృందాన్నే తయారుచేయడం బీబీసీలో ధారావాహికగా వచ్చింది. భార్యాభర్తలు రాసుకున్న ఉత్తరాల్లోంచి మాటలు ఏరి, పాల్ మీలర్ అనే స్వరకర్త వాళ్ళకు ఒక పాట కట్టారు. 2011 క్రిస్మస్‌కు అది ఆ దేశపు పాటల పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళింది. ఒక్క వారంలో అయిదున్నర లక్షలకు పైగా అమ్ముడైంది. 2012లో ఈ బృందాలన్నింటికీ కలిపి ఒక సంస్థ ఏర్పడింది. 2019లో సినిమా కూడా తీశారు.

రికార్డులు, సినిమాల కంటే నాకు ఆ ఏర్పాటులో నచ్చినవి రెండు. చేరడానికి గొంతు పరీక్ష లేదు. ఒక స్థావరం నుంచి ఇంకో స్థావరానికి మారిన మనిషి అక్కడి బృందంలో చేరిపోవచ్చు. కొత్త ఊళ్ళో సామాను విప్పకముందే తనకు తెలిసిన గది ఒకటి ఉంటుందన్నమాట. మనకు అలాంటి అల్లిక లేదు. ఆవా అనే సైనిక కుటుంబాల సంక్షేమ సంస్థ 1966 నుంచి ఉంది. ఆవా అంటే క్వార్టర్లలో తెలియనివారుండరు. కుట్టు, కంప్యూటర్, బ్యూటీషియన్ తరగతులు నడుస్తాయి. పాటలూ ఉంటాయి గాని మేళాకో, రైజింగ్ డే అనే యూనిట్ పుట్టినరోజుకో తయారయ్యే పాటలు అవి. నా తప్పు గురించి చెప్పాల్సింది ఇక్కడే.

ఒక స్టేషన్‌లో మా గుంపు బాగా పాడుతోందన్న మాట పైకి పాకింది. రైజింగ్ డేకు పాడమన్నారు. నాకు గాలిలో తేలినట్లయింది. ఒకే రంగు చీరలు, పొడవును బట్టి వరుసలు, నెల రోజుల రిహార్సల్. శృతి కలవని ముగ్గురిని "మీరు ఈసారికి కూర్చోండి" అన్నారు. నేను పక్కనే నిలబడి తల ఊపాను. ఆ ముగ్గురిలో ఒకామె భర్త అప్పుడు సియాచిన్‌లో ఉన్నాడు. పాట బ్రహ్మాండంగా వచ్చింది, చప్పట్లు మోగాయి, మిఠాయిలు పంచారు. తర్వాతి వారం గదిలో నలుగురమే మిగిలాం. ఆ ముగ్గురూ రాలేదు. వాళ్ళ కోసం ఇంకొందరు రాలేదు. ఆ గుంపు మళ్ళీ కూడలేదు. సియాచిన్ ఆయన భార్య తర్వాత మిలిటరీ క్యాంటీన్ వరుసలో కనిపిస్తే నేను పప్పుల డబ్బాల మీద రాసినది చదువుతూ నిలబడ్డాను.

వేదిక ఎక్కడమే తప్పని అనను. బ్రిటన్ వాళ్ళు ఎక్కారు, వాళ్ళకు మంచే జరిగింది. కానీ వేదిక కోసం ఒక్క మనిషిని తీసేయాల్సి వచ్చినా ఆ వేదిక వద్దు. మీరు చేరబోయే గుంపులో ఎవరైనా "గొంతు బాగున్నవాళ్ళు ముందుకు" అంటే, మీరు వెనక్కు జరిగి కూర్చుని గట్టిగా పాడండి.

ర్యాంకు సంగతి కూడా ఇలాంటిదే. మన దగ్గర భర్త భుజం మీద ఉన్నది భార్య కుర్చీ మీదకు వచ్చి కూర్చుంటుంది. వెల్ఫేర్ మీట్‌లో ముందు వరుస ఎవరిదో, చాయ్ ఎవరికి ముందు వెళుతుందో మీకు చెప్పక్కర్లేదు. పాటల గుంపు ఇళ్ళలో పెట్టుకుంటే ఈ గొడవ ఇంకా పెరుగుతుంది. పెద్ద ఇంట్లో చిన్నవాళ్ళు ముడుచుకుని కూర్చుంటారు. చిన్న ఇంట్లో ఆ ఇల్లాలు పకోడీలు వేయడంలో మునిగి పాటకే రాదు. అన్ని మతాలవారూ ప్రార్థన చేసుకునే సర్వధర్మ స్థల్ వరండా గాని, వెల్ఫేర్ సెంటర్‌లో ఖాళీ గది గాని మంచిది. కింద జంపఖానా వేసుకుని అందరూ నేల మీదే కూర్చోవాలి. తినడానికి ఏమీ వద్దు. ఒకసారి బిస్కట్లు మొదలైతే నెల తిరిగేసరికి కేకు దాకా వెళుతుంది, ఆ తర్వాత కేకు తేలేనివాళ్ళు మానేస్తారు.

హిందీ రాదని బెంగ వద్దు. ఒకరు అంటే మిగతావారు అందుకునే పాటలు అన్ని భాషల్లోనూ ఉన్నాయి. వంత పాడటానికి భాష అక్కర్లేదు, రెండు మాటలు చాలు. నా నోట్‌బుక్‌లో పంజాబీ, డోగ్రీ, గఢ్వాలీ, మరాఠీ, తమిళ పాటలన్నీ తెలుగు అక్షరాల్లోనే ఉన్నాయి. విన్నది విన్నట్లు రాసుకున్నాను. తమిళామె నా తెలుగు పాట తన లిపిలో రాసుకునేది, ఆమె చదివితే అది మూడో భాషలా వినిపించేది. హిందీ మాట్లాడే ధైర్యం కూడా నాకు అలా పాడీ పాడీ వచ్చిందే. లింగం తప్పు పోతుందన్న భయం పాటలో ఉండదు, ఎందుకంటే వాక్యం ముందే కట్టి ఉంటుంది.

ఎప్పుడో మీ వంతు వస్తుంది, "మీ వైపు పాట ఒకటి చెప్పు" అంటారు. అప్పుడు కష్టమైన కీర్తన ఎత్తుకోకండి. మా గుంపులో కరీంనగర్ అమ్మాయి బతుకమ్మ పాట చెప్పింది. అందరూ లేచి గుండ్రంగా తిరుగుతూ చప్పట్లు కొట్టారు, ప్రతి పాదం చివర ఉయ్యాలో అన్నారు. ఆ ఒక్క మాటతో హర్యానా, కేరళ కూడా పాటలోకి వచ్చేశాయి. మీది కోస్తా అయితే గొబ్బి పాట ఉండనే ఉంది. గొబ్బియళ్ళో అనడానికి ఎవరికైనా ఎంత సేపు పడుతుంది?

ఒక జాగ్రత్త. విరహం పాటలు, అమరవీరుల పాటలు మొదట్లో వద్దు. దేశభక్తి గీతాలు బయటివాళ్ళకు ఉత్సాహం ఇస్తాయి. మనకు అందులో చివరి చరణం వేరే విధంగా వినిపిస్తుంది. పరాక్రమ్ రోజుల్లో యుద్ధం జరగకుండానే, మందుపాతరలు పెట్టేటప్పుడు, తీసేటప్పుడు చాలామంది దెబ్బతిన్నారు. మా యూనిట్‌లో ఒకతని కాలు పోయింది. ఆ వారం మేము పాడలేదు. మూడో వారంలో ఆ అబ్బాయి భార్య తానే వచ్చింది. ఎవరూ ఏమీ అడగలేదు. ఢోలక్ దగ్గర చోటిచ్చారు. ఆమె ఆ రోజు పాడలేదు, తాళం వేసింది. ఏ పాట పాడామో గుర్తు లేదు, పెళ్ళి పాటే అయి ఉంటుంది. పరామర్శకు వెళ్ళినప్పుడు మేము ఆమెకు చెప్పిన మాటలన్నీ ఎంత పనికిరానివో మాత్రం గుర్తుంది.

ఫోను విషయంలో గట్టిగా ఉండండి. పాడుతున్న వీడియోలు తీసి పెట్టాలని పిల్లలు, కుర్ర కోడళ్ళు సరదాపడతారు. వెనక గోడ మీద యూనిట్ చిహ్నమో, గేటు మీద నంబరో పడుతుంది. 2020 జూలైలో సైన్యం ఫేస్‌బుక్‌తో సహా 89 యాప్‌లు తీసేయమని తన సిబ్బందికి ఆదేశించింది. కారణం లేకుండా చెప్పలేదు. గొంతు మాత్రం రికార్డు చేసుకుని మీవారికి వినిపించవచ్చు. మావారికి నా పాట కంటే వెనక పిల్లల అల్లరే ఎక్కువ నచ్చేది.

ఇప్పుడు మీ అత్తగారి మాట. ఆవిడ మీద కోపం తెచ్చుకోకండి. కొడుకు గురించిన భయం ఆవిడ నోట అలా వచ్చింది. మా అత్తగారూ ఇదే అన్నారు. ఆవిడది తాడేపల్లిగూడెం దగ్గర, మిలిటరీ మాధవరం అని పేరుపడ్డ ఊరి పక్క పల్లె. ఆ చుట్టుపక్కల సైన్యంలో మనిషి లేని ఇల్లు వెతుక్కోవాలి. మా మామగారూ సిపాయే. నేను ఎదురు చెప్పకుండా ఒకటే అడిగాను, "1971లో మామయ్యగారు యుద్ధంలో ఉన్నప్పుడు మీరేం చేశారత్తయ్యా?" యుద్ధం డిసెంబర్‌లో ఆగిపోయినా నెల దాటినా ఉత్తరం రాలేదట. అప్పుడు దాళ్వా నాట్లు. "ఏం చేస్తాం, ఊడ్పులకు వెళ్ళాను" అన్నారు. ఊడ్పుల్లో పాడారా అంటే, "పాడకపోతే నాటు సాగుతుందా?" అన్నారు. అన్నాక కాసేపు ఫోనులో మాట లేదు. ఆ తర్వాత ఆవిడే నాకు మూడు పాటలు చెప్పారు. మీరూ అత్తగారిని ఒక పాట అడగండి. బుధవారం దాన్ని పాడామని ఆవిడకు చెప్పండి. ఆ తర్వాత "పాటలా" అని ఆవిడ అనరు, "నా పాట సరిగ్గా పాడారా" అంటారు.

ఇక పాట చేయలేని పనులు. జీతం, క్వార్టర్, పిల్లవాడి బడి లాంటి వాటికి పాటల గుంపు చుట్టూ తిరగకండి. యూనిట్ వెనక ఉంచి వెళ్ళిన మనుషులను అడగండి, ఊళ్ళో పనులకు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది. రాత్రుళ్ళు వరుసగా నిద్ర పట్టకపోతే, అన్నం సహించకపోతే, బాబు ఏడుస్తున్నా లేవాలనిపించకపోతే, బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారైనా వస్తే, బుధవారం దాకా ఆగవద్దు. యూనిట్ వైద్యశాల అయిన ఎంఐ రూమ్‌లో డాక్టరుకు చెప్పండి. చెబితే భర్త సర్వీసుకు మచ్చ పడుతుందేమోనని చాలామంది దాచుకుంటారు, నేనూ ఒకప్పుడు దాచాను, అది వట్టి భయం. మానసిక ఇబ్బందులకు ఫోనులో సాయం చేసే ప్రభుత్వ టెలి మానస్ సేవ నంబర్ 14416, ఎప్పుడైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.

ఆయన లీవుకు వచ్చినప్పుడు గుంపు మానేయకండి. ఇది ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతున్నాను. ఎదురుచూసి ఎదురుచూసి ఉంటాం, తీరా మనిషి గుమ్మంలోకి వచ్చాక నాలుగు రోజులు ఇల్లు ఇరుకుగా అనిపిస్తుంది. గ్యాస్ బుక్ చేసేది నేను, బాబును నిద్రపుచ్చేది నేను, మధ్యలో ఈయన సలహాలు ఏమిటి అనిపిస్తుంది. అలా అనిపించినందుకు మళ్ళీ మన మీద మనకే అసహ్యం. మా అత్తగారు చెప్పిన పాటల్లో ఊర్మిళాదేవి నిద్ర ఒకటి. పద్నాలుగేళ్ళ తర్వాత లక్ష్మణుడు వచ్చి లేపితే ఊర్మిళ మొగుణ్ణి గుర్తుపట్టదు, పరాయివాడెవరో గదిలోకి వచ్చాడని వణికిపోతుంది. ఇది ఆడవాళ్ళు పాడుకుంటూ వచ్చిన రామాయణం, వాళ్ళకు తెలియనిది ఏముంది! ఆ లీవు రోజుల్లో గంట సేపు మీ గుంపులోకి వెళ్ళి వస్తే ఇద్దరికీ మంచిది. ఆ గంటలో తండ్రీ కొడుకులు వాళ్ళ తంటాలు వాళ్ళు పడతారు.

పాడటం రాదన్న మాట ఇంకా మిగిలింది కదా. మొదటి రోజు మీరేమీ పాడవద్దు. బాబును, ఒక నోట్‌బుక్‌ను, నీళ్ళ సీసాను తీసుకుని వెళ్ళి, తలుపు దగ్గర గోడకు ఆనుకుని కూర్చోండి. పది నిమిషాల్లో బాబు మీ ఒళ్ళోంచి లేచి ఢోలక్ దగ్గరకు పోతాడు. నాలుగేళ్ళ పిల్లలు ఎవరైనా అంతే. వాణ్ణి పట్టుకురావడానికి మీరు ముందు వరుస దాకా వెళ్ళాలి. వెళ్ళాక వెనక్కు రానివ్వరు. స్పూను మాత్రం వాడి చేతికి వెళ్ళకుండా చూసుకోండి, మళ్ళీ ఎవరికీ ఇవ్వడు.